ఎర్రనీళ్ళ తోడు

సముద్రానికి ఉప్పదనం నేర్పింది మా అమ్మమ్మే. అంతకుముందు అది వాననీళ్ళలా చప్పగా, ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉండేదట. ఒకరోజు అమ్మమ్మ ఒడ్డున నిలబడి దాన్ని నాలుగు తిట్లు తిట్టింది. ఆ దెబ్బకు సముద్రం వెక్కివెక్కి ఏడ్చి, ఆ కన్నీళ్ళతోనే ఉప్పగా అయిపోయింది. ఇప్పటికీ అలలు ఒడ్డుదాకా వచ్చి మళ్ళీ వెనక్కి పరుగెత్తడం ఆమె కనబడుతుందేమోనన్న భయంతోనే. నమ్మకపోతే మీ ఇష్టం. ఆమె నోరు ఒక్కసారి విన్నవాళ్ళు మాత్రం నమ్ముతారు.

మా ఉప్పుమడుల గట్టు మీద ఆమె అసలు పేరు ఎవరూ పలకరు. అందరికీ ఆమె 'కారమ్మ'. జన్మంతా ఉప్పు చేసిన మనిషికి కారం పేరేమిటని కొత్తగా పనికొచ్చినవాళ్ళు నవ్వుతారు. ఒక పూట ఆమె పక్క మడిలో పనిచేశాక ఆ నవ్వు ఆగిపోతుంది.

ఈమె గురించి ఒకసారి పేపర్లో రాశారు. ఫొటో కూడా వేశారు. ఆ రాసినవాళ్ళు ఉప్పు గురించి సగమే తెలుసుకున్నారు, మా అమ్మమ్మ గురించి ఆ సగం కూడా తెలుసుకోలేదు. ఆ ఫొటో వల్ల ఆమె మడి పోయేంత పని అయింది. ఆ ఒళ్ళుమంటతోనే నేను ఇది రాస్తున్నాను. నా బడి చదువు మధ్యలోనే ఆగింది కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. పేపరువాళ్ళవి సర్దుకున్నారు కదా.

ముందు మడి సంగతి చెప్పాలి. సముద్రపు నీళ్ళు కాలవ దారిన వచ్చి మొదట పెద్ద మడిలో నిలుస్తాయి. ఎండకు కొంత చిక్కబడ్డాక నడిమి మడిలోకి, ఇంకా చిక్కబడ్డాక చివరి మడిలోకి వదులుతారు. ఆ చివరి మడిలోనే ఉప్పు పేరుతుంది. దాని నేలను ముందుగా కాళ్ళతో తొక్కి తొక్కి సిమెంటులా గట్టిపరచాలి. ఉప్పు పేరాక పొడుగాటి కర్రకు అడ్డంగా పలక కొట్టిన లాగుడుతో గట్టు మీదికి లాగి కుప్ప పోయాలి. వినడానికి ఇంతే. చేసి చూస్తే నడుము మన మాట వినడం మానేస్తుంది.

చివరి మడిలో నీళ్ళు ఎర్రగా ఉంటాయి. దూరం నుంచి చూసేవాళ్ళు ఎవరో రంగు కలిపారనుకుంటారు. ఉప్పు తీసే కాలం ముగిసి, వానలకు ముందు అందరూ మడులు వదిలేసేటప్పుడు, అమ్మమ్మ మాత్రం మడి మూలలో ఒక గుంట తవ్వి అడుగున మిగిలిన ఎర్రనీళ్ళు అందులో దాస్తుంది. వాన నీళ్ళు పడకుండా పైన రేకు వేసి, రాళ్ళు పెడుతుంది. మళ్ళీ కొత్త కాలం మొదలవగానే ఆ నీళ్ళు ఒక కుండతో తోడి చివరి మడిలో పోస్తుంది. గట్టు మీద మిగతావాళ్ళు కూడా అదే గుంట నుంచి తలా ఒక చెంబు పట్టుకుపోతారు. పాలకు పెరుగు తోడు వేసినట్టే మడికి ఎర్రనీళ్ళు తోడు. ఆమెకు ఇది అత్తగారు నేర్పింది. ఎందుకని అడిగితే అత్తగారు చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. తన సొంత సిద్ధాంతం మాత్రం ఒకటి ఉంది.

"మిరపకాయ పండితే ఎర్రబడదూ. నీళ్ళూ అంతే. పండిన నీళ్ళు పచ్చి నీళ్ళలో కలిపితే అవీ తొందరగా పండుతాయి."

"నీళ్ళకి పండటమేంటి అమ్మమ్మా?"

"నీకు బుద్ధి పండలేదు కాబట్టి అది అర్థం కాదు."

ఆమెకు ఇంకో నమ్మకం కూడా ఉండేది. ఉప్పులో ఏదీ బతకదని. అందుకు సాక్ష్యం మా ఇల్లే. మా ఇంట్లో ఇనుము అన్నది బతకదు. తలుపు బందులు ఎప్పుడో రాలిపోతే తలుపును తాడుతో కట్టాం. గడియారం ముళ్ళు తుప్పుపట్టి ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోయాయి. కుండీలో నాటిన మొక్క ఏదీ రెండో ఆకు వేయలేదు. "అదీ ఉప్పంటే. పురుగు రాదు, కుళ్ళు రాదు. లోకంలో దీనంత శుభ్రమైంది ఇంకోటి లేదు" అనేది అమ్మమ్మ. తన చేతులు కూడా అంత శుభ్రమైనవని ఆమె గర్వం. అరచేతులు పగిలి, పగుళ్ళలో ఉప్పు చేరి తెల్లగా గీతలు కట్టి ఉంటాయి.

పొయ్యి పైన అరలో, తడి తగలని చోట, కొబ్బరికాయంత ఉప్పుగడ్డ ఒకటి ఉండేది. లోపల్నుంచి దీపం పెట్టినట్టు లేత గులాబీ రంగులో మెరిసేది. అమ్మమ్మ పెళ్ళయి వచ్చిన మొదటి ఉప్పు కాలంలో మడి మూలన కదలకుండా పేరుకున్న గడ్డ అది. తాత పలుగుతో పెకలించి, "ఇదిగో, మన మొదటి బిడ్డ" అని ఆమె చేతిలో పెట్టాడట. మా అమ్మ ఆ తర్వాత పుట్టింది కాబట్టి, వరసకు ఆ గడ్డ నాకు పెద్దమ్మ అవుతుంది. ఆ పెద్దమ్మతో నాకు పడేది కాదు. నేను అబద్ధమాడానని అనుమానం వస్తే అమ్మమ్మ గడ్డ దించి, "నాకి చూడు. అబద్ధమైతే నాలుక పగుల్తుంది" అనేది. ఎన్నోసార్లు నాకాను. నాలుక బాగానే ఉంది.

తాత జ్వరంతో పోయినప్పుడు మడి కూడా పోతుందని అందరూ అనుకున్నారట. మా గట్టు మీద ఒక కట్టుబాటు ఉంది. తొలి వాన పడే లోపల గట్టు మీద కుప్ప లేని మడి చేయి మారిపోతుంది. మడి కోసం ఎదురుచూసే కుటుంబాలు చాలా ఉంటాయి కాబట్టి ఖాళీగా ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఆ ఏడు అమ్మమ్మ అందరికన్నా ముందు కుప్ప పోసింది. పోసి, దాని పక్కనే లాగుడు నిలబెట్టి, మడి అడగడానికి వచ్చినవాళ్ళతో "ఎవరైనా దీన్ని ఎత్తగలిగితే మడి తీసుకోండి" అందట. ఆ లాగుడు నీళ్ళలో నాని నాని రాయిలా బరువెక్కి ఉంటుంది. ఎవరూ ముందుకు రాలేదు.

ఇక సీసాల అమ్మాయి సంగతి. పరిశోధన చదువులు చదివే పిల్ల. టోపీ పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, పెట్టె నిండా చిన్నచిన్న సీసాలతో గట్టు మీదికి వచ్చింది. ఎర్రనీళ్ళు కావాలంది.

"దేనికమ్మా, తాగుతావా?" అంది అమ్మమ్మ.

"లేదు అమ్మమ్మగారూ, ఇందులో ప్రాణులున్నాయి. వాటిని చూడాలి."

"నా మడిలో చేప కూడా బతకదు."

"చేపలు కాదు, కంటికి కనబడనివి. ఈ ఎరుపు వాటిదే."

ఆ మాటతో అమ్మమ్మ మొహం కూడా ఎర్రబడింది. ఆ పిల్ల మాత్రం తగ్గలేదు. పెట్టెలోంచి మైక్రోస్కోపు తీసి గట్టు మీద పెట్టి, ఒక చుక్క వేసి నన్ను చూడమంది. నేను చూశాను. చిన్నచిన్న చతురస్రాలు. ఎవరో అద్దం పలకను కత్తిరించి జల్లినట్టు, పల్చగా, నాలుగు మూలలూ సరిగ్గా. ప్రాణం ఉన్నది ఏదైనా గుండ్రంగానో పొడుగ్గానో ఉంటుంది గానీ ఇలా నలుచదరంగా ఉంటుందని నేనెప్పుడూ వినలేదు. అమ్మమ్మను చూడమంటే, "నా మడిని నేను కన్నంలోంచి చూడను" అంది.

సీసాల అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మనం గాలి లేకపోతే ఎలా చస్తామో, అవి ఉప్పు లేకపోతే అలా చస్తాయి. బయట ఉప్పు ఎంత ఘాటుగా ఉంటే, లోపల ఇంకో రకం ఉప్పు అంత నింపుకుని, బయటా లోపలా సమానం చేసుకుని కూర్చుంటాయి. మంచినీళ్ళలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. కొన్నిటి ఒంట్లో ఊదారంగు పదార్థం ఒకటి ఉంటుంది, దానితో ఎండ నుంచే బలం లాక్కుంటాయి. ఆ ఎరుపు వాటికి గొడుగు లాంటిది, ఎండకు మాడిపోకుండా కాపాడుతుంది. మనకు లాభమేమిటంటే, ఎర్రనీళ్ళు తెల్లనీళ్ళ కన్నా ఎక్కువ ఎండను పట్టి తొందరగా వేడెక్కుతాయి, తొందరగా ఆవిరవుతాయి. పైగా నీళ్ళలో చచ్చిన నాచు, జిగురు ఇవి తినేస్తాయి. అందుకే ఉప్పు గట్టిగా, పెద్ద పలుకుగా పడుతుంది.

"ఇంకా చాలా చేయొచ్చు వీటితో" అంది. తోళ్ళ ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఉప్పు మురికినీళ్ళలో మామూలు క్రిములు చస్తాయి, ఇవి బతికి ఆ మురికిని తినగలవట. వీటి ఒంట్లోని రసాలు ఉప్పులోనూ వేడిలోనూ చెడిపోకుండా పనిచేస్తాయి కాబట్టి బట్టల సబ్బుల్లో పనికొస్తాయేమో చూస్తున్నారట. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కు కొన్ని తయారుచేస్తాయట. ఆ ఊదారంగు దానితో వెలుగును గుర్తుపెట్టుకునే యంత్రాలు చేయాలని కొందరు ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుంటున్నారట.

అమ్మమ్మ అంతా విని, "ఇన్ని పనులొచ్చినవాళ్ళు నా మడిలో ఊరికే ఎందుకు కూర్చున్నారో అడుగు" అంది. అయినా సీసాలు నింపుకోనిచ్చింది. నింపుతుంటే పక్కనే నిలబడి, "పైపైన ముంచకు, అడుగు నుంచి తీయి" అని పని కూడా చెప్పింది. ఆ పిల్ల పని గురించి రాయడానికి ఆ పూటే పేపరాయన వచ్చాడు. అమ్మమ్మను రెండు దోసిళ్ళతో ఉప్పు పట్టుకుని నవ్వమన్నాడు. ఆమె నవ్వలేదు గానీ దోసిలి పట్టింది.

పేపర్లో ఆ ఫొటో కింద, చెంచాడు నీళ్ళలో కోట్ల సూక్ష్మజీవులు అని రాశారు. అది నిజమే. నాకు మండేదల్లా ఆ తర్వాత ఏమీ రాయకపోవడం. వాటితో రోగం రాదనీ, కూరలో పడగానే పగిలి చస్తాయనీ, అవి ఉండబట్టే ఉప్పు బాగుంటుందనీ సీసాల అమ్మాయి వరసగా చెప్పింది. పేపరాయనకు అంత చోటు దొరకలేదట. పక్కనే పరుపుల ప్రకటనకు సగం పేజీ దొరికింది.

మా ఉప్పు కొని బండికి ఎత్తుకునే కొట్టాయన ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. బండి తేలేదు.

"పెద్దమ్మా, ఈసారికి నీ ఉప్పు వద్దు."

"ఎందుకురా?"

"జనం అడుగుతున్నారు, ఆ ముసలామె చేతిలో ఉన్న క్రిముల ఉప్పు ఇదేనా అని. నేనేం చెప్పాలి?"

"నీకు నోరు లేదా? ఇన్నాళ్ళూ తిన్నారు కదా, ఎవరు చచ్చారు?"

"చచ్చినవాళ్ళు వచ్చి చెప్పరు కదా పెద్దమ్మా."

అమ్మమ్మ పక్క మడి వైపు చెయ్యి చూపించింది. అది ఆమె తోడికోడలిది, నాకు చిన్నమ్మమ్మ. అదే కాలవ, అవే నీళ్ళు, మా గుంట తోడే. "మరి దానిది ఎత్తుకుంటున్నావుగా?"

"ఆమె ఫొటో పడలేదు" అన్నాడు కొట్టాయన. ఇంత పచ్చి నిజం మొహం మీద చెప్పే మనిషిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. "ఒక పని చేయి. మడి కడిగేసి, క్రిములు లేని తెల్లనీళ్ళతో ఉప్పు తీయి. నేనే వచ్చి ఎత్తుకుంటా. అసలు అందరూ కడిగితేనే మేలు. రేపు వీళ్ళ ఫొటోలూ పడతాయి."

వేరెవరైనా అయితే సీసాల అమ్మాయిని పిలిచి అడిగేవాళ్ళు. మా అమ్మమ్మ అలా చేయదు. లోకంలో అన్నిటికన్నా శుభ్రమైందని తను చెప్పుకున్న ఉప్పును మురికి అన్నారు. ఆ మాట ఆమెకు ఒంట్లో ముల్లులా దిగింది. బ్లీచింగ్ పొడి బస్తా తెప్పించింది. చివరి మడి మొత్తం ఖాళీ చేసి, పొడి కలిపిన నీళ్ళతో నేల కడిగింది. గట్టు మీదున్న కాస్త ఉప్పునూ కాలవలోకి తోసేసి, గట్టు కడిగింది. లాగుడు కడిగింది. చివరకు మూల గుంట మీది రేకు తీసి, అత్తగారి నాటి నుంచి ఏటేటా దాచుకొచ్చిన తోడులో కూడా ఆ పొడి గుమ్మరించింది. ఎర్రనీళ్ళు చూస్తుండగానే వెలిసిపోయాయి.

"అమ్మమ్మా, ఆ గుంటైనా ఉంచు."

"అన్నిటికీ మూలం అదే. దాన్ని వదిలి మిగతాది కడిగితే ఏం లాభం?"

తర్కం సరిగ్గానే ఉంది. అదే ఆమెతో వచ్చే చిక్కు. తప్పు చేసినా సగం చేయదు.

కారమ్మే కడిగిందంటే గట్టు మీద మిగతావాళ్ళు ఆగుతారా. చిన్నమ్మమ్మ కడిగింది, ఆమె పక్కవాళ్ళు కడిగారు. కొత్త ఎరుపు మొదలైన మడులన్నీ ఆ వారంలోనే తెల్లబడ్డాయి. ఎండకు కళ్ళు చెదిరేటంత తెల్లగా మెరిశాయి. కొట్టాయన వచ్చి చూసి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

ఆ తర్వాత ఎండ కాస్తూనే ఉంది, నీళ్ళు తగ్గడం మాత్రం లేదు. మామూలుగా ఉప్పు పొరకట్టే రోజులు వచ్చి పోయాయి. నీళ్ళ మీద చీమిడి లాంటి జిగురు తేలింది. గాలి వీస్తే ఆ జిగురు నురుగై గట్టు అంచున పేరుకుని వాసన కొట్టింది. చివరకు అడుగున ఏదో పడింది. అమ్మమ్మ లాగుడు వేసి లాగితే పలుకు రాలేదు, తడిసిన పిండి వచ్చింది. గుప్పెట పడితే వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. కుప్ప పోస్తే నిలబడకుండా మళ్ళీ మడిలోకే కారింది.

కొట్టాయన వచ్చి, వేలితో ముట్టుకుని, "ఇది ఉప్పా, గోడకి వేసే సున్నమా?" అన్నాడు.

"నువ్వు కడగమన్నావు, కడిగాను."

"కడగమన్నానుగానీ ఉప్పు పాడుచేయమన్నానా?" అని వెళ్ళిపోయాడు. ఆ మాట అన్న మనిషికి రాత్రి అన్నం ఎలా సయించిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

దక్షిణం వైపు మబ్బులు కనబడటం మొదలైంది. ఇంకా దూరంగానే ఉన్నాయి, కానీ మడి కోసం ఎదురుచూసే కుటుంబాలవాళ్ళు సాయంత్రాలు గట్టు మీద షికారుకు వచ్చినట్టు వచ్చి, కుప్ప లేని మడులకేసి చూసి పోతున్నారు. ఒకాయన ఏకంగా మా మడి పొడవు అడుగులతో కొలిచాడు. అమ్మమ్మ చూసి కూడా తిట్టలేదు. ఆమె తిట్టలేదంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

చిన్నమ్మమ్మ వచ్చి గట్టు మీద కూలబడింది. "అక్కా, నువ్వు కడిగావనే కదా నేనూ కడిగాను."

"నేను బావిలో దూకితే దూకేదానివా?"

"నువ్వు దూకితే ఏదో కారణం ఉంటుందని దూకేదాన్ని."

అమ్మమ్మ మర్నాడు నన్ను బస్సెక్కించి, సీసాల అమ్మాయిని తీసుకురమ్మంది. "పిలవకు, తీసుకురా" అంది. నేను వెళ్ళాను. ఆ పిల్ల విషయం విని, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసి, టోపీ కూడా మరిచిపోయి నాతో వచ్చేసింది.

ఆ పిల్ల గడప తొక్కగానే అమ్మమ్మ కడిగిపారేసింది. "నా మడిలో పురుగులున్నాయని ఊరంతా చాటావు."

"పురుగులు అనలేదు అమ్మమ్మగారూ. మంచివనే చెప్పాను."

"మంచివైతే ఆ సంగతి గట్టిగా చెప్పాలి. మంచి మాట మెల్లగా, భయం మాట గట్టిగా చెప్తే జనం ఏది వింటారు? చదువుకున్నావుగా, అది నేర్పలేదా?"

ఆ పిల్ల తల దించుకుంది. "తప్పే. పేపరులో వచ్చింది చూసి వెంటనే మళ్ళీ రాయించాల్సింది" అంది. అమ్మమ్మకు తప్పు ఒప్పుకునేవాళ్ళతో పోట్లాట చేతకాదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"నువ్వు పట్టుకుపోయిన సీసాలున్నాయిగా, అవి తెచ్చి పోయి."

"అవి ఒక్కో రకాన్నీ విడదీసి వేరువేరుగా పెంచుతున్నాం. మీ గుంటలో ఊరంత గుంపు కలిసి ఉండేది. ఆ గుంపు మా దగ్గర లేదు." అంది సీసాల అమ్మాయి. "సముద్రం నుంచి మళ్ళీ మెల్లగా వచ్చి చేరతాయి. కానీ ఈ కాలానికి అందకపోవచ్చు."

అలా అంటూ ఆమె ఎటో చూసి ఆగిపోయింది. పొయ్యి పైన అరకేసి చూస్తోంది. "అది ఎక్కడిది?"

అది ఎక్కడిదో అమ్మమ్మ చెప్పింది. సీసాల అమ్మాయి లేచి, గడ్డను వెలుగుకు పట్టి చూసింది. లోపల సూది మొనంత నీటి బొట్లు ఉన్నాయంది. ఉప్పు పేరేటప్పుడు ఆ బొట్లలో అవి చిక్కుకుపోతాయట. తిండి లేకుండా, కదలకుండా, ఏళ్ళకు ఏళ్ళు అలాగే ఉండి, మళ్ళీ నీళ్ళు తగిలితే లేచినవి కూడా ఉన్నాయట.

"బతికే ఉన్నాయంటావా?"

"ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేను. తెలియాలంటే కరిగించాలి."

అమ్మమ్మ గడ్డను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎప్పుడూ లేనిది, దాన్ని కొంగుతో తుడిచింది. ఉండొచ్చు అన్న ఒక్క మాట మీద తాత చేతి గడ్డను నీళ్ళపాలు చేయమంటున్నారని నాకు ఒళ్ళు మండింది. "వద్దమ్మమ్మా, మడి పోతే పోనీ" అన్నాను.

ఆమె నాకేసి చూసిన చూపు నేను రాయను. "మీ తాత ఉంటే గడ్డ దాచుకుని మడి వదిలేసేవాడా? గడ్డ వచ్చింది మడిలోంచి. మడి గడ్డలోంచి రాలేదు" అంది. అని, గబగబా లేచి కుండెడు మంచినీళ్ళు తెచ్చి అందులో వేయబోయింది. సీసాల అమ్మాయి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. మంచినీళ్ళలో వేస్తే బతికున్నవి కూడా పగిలిపోతాయి. చివరి మడి నీళ్ళలోనేమో ఇక ఉప్పు కరగదు. నడిమి మడి నీళ్ళు కావాలి.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది అమ్మమ్మ. ఈసారి ఆమె మాట అంత గట్టిగా రాలేదు.

గుంటను ముందు నడిమి మడి నీళ్ళతో కడిగి కడిగి, పొడి వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టారు. గడ్డను రోకలితో కొట్టింది అమ్మమ్మే, నన్ను ముట్టుకోనివ్వలేదు. నడిమి మడి నీళ్ళు నింపి ముక్కలు వేశారు. గట్టు అంచున పేరుకున్న ఆ కంపు నురుగు కూడా కొంచెం కలిపారు, ఎందుకంటే వాటి తిండి అదే. మేం మొత్తుకుంటున్న జిగురే వాటికి విందు. మొదటి కొన్నాళ్ళు గుంటలో ఏ మార్పూ లేదు. అమ్మమ్మ పొద్దునా సాయంత్రం వెళ్ళి రేకెత్తి చూసి, "తినండి, ఎవరైనా వద్దన్నారా" అని గద్దించి వచ్చేది. సీసాల అమ్మాయి సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉండిపోయింది. గద్దిస్తే పెరగవని చెప్పి చూసింది. "నా కూతురు అలాగే పెరిగింది" అంది అమ్మమ్మ.

ఒక పొద్దున గుంటలో నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి. రాను రాను ఇటుక రంగు వచ్చింది. అమ్మమ్మ కుండతో తోడి చివరి మడిలో పోసింది. రెండో కుండ నింపి నా చేతికిచ్చి, "ఆ తింగరిదాని మడిలో పోసిరా" అంది. చిన్నమ్మమ్మ కుండ అందుకుని, "అక్క ఏమంది?" అని అడిగింది. "ప్రేమగా ఇమ్మంది" అన్నాను. ఆ రోజు నాకడానికి గడ్డ లేదు.

మడి ఎర్రబడింది. నురుగు తగ్గింది. నీళ్ళు దిగడం మొదలై, అడుగున పలుకు పడింది, గట్టిగా, మూలలు తేలి. లాగుడు కింద ఉప్పు గరగరమనడం విన్నప్పుడు అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ లాగింది. మబ్బులు తల మీదికి వచ్చేసరికి గట్టు మీద కుప్ప ఉంది. పెద్దది కాదు. కుప్ప అంటే కుప్పే. మడి పొడవు కొలిచిన ఆయన వచ్చి చూసి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళాడు.

సీసాల అమ్మాయి వెళ్ళే ముందు నిజాయితీగా ఒక మాట చెప్పింది. ఈ ఎరుపు ఆ గడ్డలోంచే వచ్చిందో, నడిమి మడి నీళ్ళలోనో గాలిలోనో వచ్చిన వాటి నుంచి మొదలైందో పరీక్ష చేస్తే గానీ చెప్పలేనంది. అమ్మమ్మ లాగుడు పక్కన పడేసింది.

"మా ఆయన గడ్డ నేను కరిగించాను. పేరు గాలికి ఇస్తావా?"

"లేదు లేదు, పరీక్ష చేస్తాను."

"చేసుకో. జవాబు మాత్రం నేను ముందే చెప్పాను."

ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది. మనుషులకు వీటితో రోగం వచ్చినట్టు ఇంతవరకూ ఎవరూ చూడలేదు గానీ, తడి ఉప్పులో ఊరేసిన చేపల మీద ఎర్రమచ్చలు వేయగలవట. ఉప్పును బాగా ఆరబెట్టి అమ్మమంది. అమ్మమ్మ అటూ ఇటూ చూసి, "ఆరబెడతాలే. ఆ మాట కొట్టాయన దగ్గర అనకు" అంది.

కొట్టాయన వచ్చాడు. వేరే గట్ల మీద కూడా మడులు కడిగించాడు కాబట్టి అతనికి ఎక్కడా ఉప్పు దొరకలేదు. బండితో సహా వచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అమ్మమ్మ బేరం మాట్లాడలేదు. చెప్పులు విప్పి మడిలో దిగమంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"క్రిములన్నావుగా. దిగి చూడు, కరుస్తాయేమో."

గట్టు మీద చిన్నమ్మమ్మతో సహా అందరూ పని ఆపి చూస్తున్నారు. అతను పంచె ఎగగట్టి ఎర్రనీళ్ళలో దిగాడు. మడమల పగుళ్ళలో ఉప్పు దిగి మొహం ముడుచుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఇటు, అమ్మమ్మ చాలనేదాకా తొక్కించింది. "ఇప్పుడు నీ కొట్టుకొచ్చి అడిగినవాళ్ళకి చెప్పు. వాటి మధ్యలో నడిచొచ్చాను, బతికే ఉన్నానని. గట్టిగా చెప్పు" అంది. అతను ఉప్పు ఎత్తుకున్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. పేపరు మాత్రం ఇంతవరకూ ఏమీ దిద్దుకోలేదు.

అందుకే ఇదంతా నేను రాశాను. ఇవాళ మధ్యాహ్నం గట్టు మీద నీడలో కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా అమ్మమ్మకు చదివి వినిపించాను. సముద్రానికి ఉప్పదనం నేర్పిన దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గుంట కడిగిన దగ్గర లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. అంతా అయ్యాక, ఇంకా ఏమైనా చేర్చాలా అని అడిగాను.

"ఆ కంటికి కనబడనివి నా ఉప్పు తిని నా పని చేస్తున్నాయి" అంది. "నువ్వు నా ఉప్పు తిని కాగితాలు పాడుచేస్తున్నావు. లే, లాగుడు పట్టు."